మిరపకాయ టపాయు, మర వ్రాతయు

బస్తరు సీమకును ఆంధ్రదేశమునకును గల చుట్టరికము నేటిది గాదు, నిన్నటిది గాదు. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైన పిమ్మట, ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటివచ్చి ఇంద్రావతీ ప్రాంతమున నూతన రాజ్యమును నెలకొల్పెనని బస్తరు రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. తరువాత ఆరు శతాబ్దులు గడచి, 1960 దశకములో కొత్తవలస - కిరండూల్ రైలుమార్గము వేయబడి, బైలాడిలా కొండల ఇనుప ఖనిజము విశాఖపట్టణపు రేవునకు దిగనారంభించినప్పుడు తెలుగువారు రెండవమారు ఈ సీమకు వచ్చిరి. మనలో పెక్కుమందిమి ఆ రెండవ రాకకు చెందినవారమే. ఉద్యోగధర్మమున జగదల్‌పూరులో కాపురముండు కుటుంబములకు, ముఖ్యముగా ఇక్కడనే పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు, ఈ ఊరి చరిత్ర కొంతయైనను తెలియుట మంచిది.

అయితే రాజుల పరంపరను ఏకరువు పెట్టుట నా యుద్దేశము కాదు. ఒక్క విషయమును మాత్రమే ఎత్తుకొందును. ఈ సీమలో ఒక మాట ఊరినుండి ఊరికి ఎట్లు ప్రయాణము చేసెను? ఎవరి చేతిమీదుగా చేసెను? అది పదుగురి అభిప్రాయముగా ఎట్లు మారెను? ఈ ప్రశ్న ఇప్పుడెందుకనగా, అడిగినంతనే ఎట్టి అభిప్రాయమునైనను చక్కని వాక్యములలో వ్రాసిపెట్టు కృత్రిమ మేధా యంత్రములు 2022 నవంబరు చివరినుండి సామాన్యుల చేతికి వచ్చినవి. అవి నిజముగా ఆలోచించునా అను వాదములోనికి నేను దిగను. కోట్లకొలది పుటలను చదివించి, ఒక మాట వెనుక ఏ మాట రాదగునో లెక్కగట్టునట్లు తీర్చిన మరలవి. తెలుగులోను వ్రాయుచున్నవి. ఇంటర్నెట్టులో మనము చదువు వ్యాఖ్యలలోను, వాట్సాప్‌లో వచ్చు ఉత్తరములలోను మనిషి వ్రాసినదేది, మర వ్రాసినదేది అని పోల్చుకొనుట కష్టమైనది. బస్తరు చరిత్రను ఈ దృష్టితో చదివినచో కొన్ని సంగతులు క్రొత్తగా కనబడుచున్నవి.

మొదట ఒక శాసనమును చూతము. దంతెవాడలో దంతేశ్వరీ దేవి సన్నిధిని 1703 నాటి దిక్పాలదేవుని శాసనము రెండు రాళ్లమీద చెక్కబడినది. ఒకదానిమీద సంస్కృతము, రెండవదానిమీద ఆనాటి దేశభాష. కలియుగమున సంస్కృతము చదువువారు కొద్దిమందియే యుందురు గనుక భాషలో వ్రాయబడినదని ఆ రెండవ రాతిమీదనే కారణము చెప్పబడియున్నది. మన కాకతీయుల పేరు, ఓరుగల్లు పేరు ఇందులో నుండుటచే తెలుగువారికి ఇది మరింత ఆదరపాత్రము. రచించినవాడు మైథిలుడగు భగవాన్ మిశ్రుడు. ఆయన పేరును రాతికెక్కినది. రాజు యాత్రకు వచ్చి ఇచ్చిన బలుల నెత్తుటిచే శంఖినీ నది కొన్ని దినములు ఎర్రగా పారెనట! చదివిన చరిత్రకారుడు చిన్నగా నవ్వుకొని, రాజగురువు రాజును పొగడుచున్నాడు, ఈ లెక్కను కొంత తగ్గించి తీసికొందము అనుకొనును. వ్రాసినవాడెవడో, ఎవరి ఉప్పు తిని వ్రాసెనో తెలిసియుండుటచేతనే ఎంత తగ్గింపవలెనో మనకు తెలియుచున్నది.

ఇక 1910కి వత్తము. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఈ సీమయంతయు ఒక్కసారిగా లేచినది. ఇక్కడివారు దానిని భూమకాల్ అందురు. భూమి కంపించుట యని దాని భావము. కారణములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1905లో బ్రిటిషు ప్రభుత్వము అడవిలో మూడింట రెండువంతులు రిజర్వు చేయవలెనని ప్రతిపాదించెను. అట్లు చేసినచో పోడు సాగు లేదు, వేట లేదు, అడవి పంట ఏరుకొనుట లేదు. రిజర్వులో చిక్కిన ఊళ్లలో కొన్నిటిని, చెట్లు నరుకుటకును మంటలు కాయుటకును కూలి లేకుండ పనిచేయు షరతుపై ఉండనిచ్చిరి. తక్కిన ఊళ్లు లేచిపోవలసి వచ్చెను. పన్ను పెరిగినది, వెట్టి పెరిగినది. దానిమీద 1907 - 1908 సంవత్సరములలో కరవు. కాంగేరు అడవుల దగ్గర నెతనార్ గ్రామమునకు చెందిన గుండాధుర్ పేరు ఈ తిరుగుబాటుతో ముడివడి నేటికిని నిలిచియున్నది. మాజీ దివాను లాల్ కాలేంద్రసింగు, రాజమాత సువర్ణ కుంవరి కూడ దీనివెనుక నుండిరి.

నాకు ఆశ్చర్యము గొలుపునది తిరుగుబాటు కన్నను, దాని కబురు పోయిన తీరు. ఒక మామిడి కొమ్మ, ఒక మట్టిగడ్డ, కొన్ని మిరపకాయలు, బాణములు. ఇవియే ఉత్తరము. ఇందులో అక్షరము ఒక్కటియు లేదు. కొమ్మ మిరపకాయలతో కలిసి వచ్చుటచే ఈ కబురును ఇక్కడ డారా-మిరీ యని చెప్పుకొందురు. డారా యనగా కొమ్మ, మిరీ యనగా మిరపకాయ. మట్టి మనది, అది పోవుచున్నది, బాణము పట్టవలెను, కారము పుట్టినది అని చదువురానివానికి వేరొకరు విప్పి చెప్పవలసిన పనిలేదు. 1857లో ఉత్తరదేశమున ఊరూర తిరిగిన రొట్టెల కథ మనము పాఠ్యపుస్తకములలో చదివినదే. అయితే రొట్టెల భావమేమో ఆనాడు మోసినవారికే స్పష్టముగా తెలియలేదు. బస్తరు కొమ్మ విషయములో అట్టి సందేహము లేదు.

ఈ టపాకు కొన్ని లక్షణములు కలవు. దానిని ఒక మనిషి నడిచి తేవలెను. ఆ మనిషి పొరుగూరివాడు. వాని ముఖము ఎరుగుదురు, వాని మేనమామను ఎరుగుదురు. నీకెవరిచ్చిరి, వారేమనిరి అని అడుగవచ్చును. తరువాత, పుచ్చుకొన్న ఊరు ఊరకుండరాదు. తిరుగుబాటు ఖర్చునకు ప్రతి ఊరును ఏదో ఒకటి ఇచ్చుకొన్నది. ధాన్యమో, డబ్బో, మనుష్యులో. కనుక ఇరువదియవ ఊరికి కొమ్మ చేరునప్పటికి దానివెనుక పందొమ్మిది ఊళ్ల ఒప్పుదల యుండెను. ఆ ఒప్పుదలకు పందొమ్మిది ఊళ్లును ఖరీదు చెల్లించినవి. ఎందరు మనవైపున నున్నారు అను ప్రశ్నకు కొమ్మయే సమాధానము. ఆ సమాధానమును దొంగగా పుట్టించుట సులభము కాదు.

పుష్పాల్ సంత దోపిడితో ఆరంభమై, సంతలు, ఉద్యోగుల ఇండ్లు, వర్తకుల ఇండ్లు, బడులు, ఠాణాలు దోపిళ్లకును మంటలకును గురియైనవి. దోచిన ధాన్యమును పంచిపెట్టిరి. భూమకాల్‌ను కేవలము వీరగాథగా చెప్పువారితో నేను పూర్తిగా ఏకీభవింపను. కొమ్మను కాదన్న ఊరికి భయము లేకపోలేదు. కాలిన ఇండ్లలో నిరపరాధుల ఇండ్లును ఉండియే యుండును. మాట సత్యమైనంతమాత్రమున దాని నడక మెత్తగా నుండదు.

ఫిబ్రవరి 7వ తేదీన రాజు రుద్రప్రతాపదేవుడు మధ్యపరగణాల చీఫ్ కమిషనరునకు తంతి కొట్టించి సాయము కోరెను. ఒకే వారములో ఒకే సీమనుండి రెండు కబురులు బయలుదేరినవి. తీగమీద పోయినది నిమిషములలో చేరినది, సైన్యమును తెచ్చినది. కాలినడకన పోయినది ఊళ్లను లేపినది. ప్రభుత్వమునకు ఈ సీమను మరల లొంగదీసికొనుటకు మే నెల వరకు, అనగా సుమారు మూడు మాసములు పట్టెను. గుండాధుర్ మాత్రము వారి చేతికి చిక్కలేదు. రిజర్వు పని కొంతకాలము ఆగినది. రిజర్వు చేయదలచిన విస్తీర్ణము 1910కి పూర్వము అనుకొన్నదానిలో ఇంచుమించు సగమునకు తగ్గింపబడినది. ఓడిన తిరుగుబాటే అయినను, ఇన్ని ఊళ్లు ఒక్క మాటమీద నిలిచినవని ప్రభుత్వము లెక్కపెట్టుకొన్నది. ఈ లెక్క యను మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దీనితో మరల పనిబడును.

పన్నెండేండ్లకు ఇదే కారము మన తెలుగు మన్యములో ఘాటెత్తినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలమీద పడి తుపాకులు పట్టుకొనిపోయిన అల్లూరి సీతారామరాజుగారి కథ మనవారికి చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఆయన, ఏ దినమున ఏ ఠాణామీదికి వచ్చుచున్నాడో బాణమునకు మిరపకాయలు గట్టి ముందుగానే తెలియజేసెడివాడని ప్రసిద్ధి. అదియే మిరపకాయ టపా. మరియొక విశేషము. ఠాణాలో తాను తీసికొన్న ఆయుధముల పట్టీ వ్రాసి క్రింద సంతకము చేసి పోయెను! దొంగ సంతకము చేయడు. సంతకము చేసినవాడు, నా మాటకు నా తల పూచీ యని చెప్పుచున్నాడు. బస్తరు కొమ్మకు మోసినవాని ముఖము పూచీ. రంప టపాకు వ్రాసినవాని పేరు పూచీ.

ప్రభుత్వము వారును పేరు విలువను ఎరుగనివారు కారు. అచ్చుపడిన ప్రతి కాగితముమీదను అచ్చువేసినవాని పేరు, అచ్చుపడిన చోటు ఉండవలెనని 1867 నాటి చట్టము విధించెను. పత్రికాధిపతులనుండి ధరావతు రాబట్టు కఠినమైన ప్రెస్ చట్టము సరిగా భూమకాల్ రగిలిన 1910 ఫిబ్రవరిలోనే అమలునకు వచ్చినది, రంప పితూరీ మొదలైన 1922లోనే రద్దైనది. కాకతాళీయమే కాని ముచ్చటైన సంగతి. అచ్చుయంత్రమునకు సంకెల వేసిన దొరలు మామిడి కొమ్మకు ఏమి వేయగలరు? స్వతంత్రము వచ్చిన తరువాత కూడ ఎన్నికల కరపత్రముపై అచ్చువేసినవాని పేరు, ప్రకటించినవాని పేరు ఉండి తీరవలెనను నిబంధనను 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టమున చేర్చిరి. నేటికిని అది అమలులో నున్నది.

జగదల్‌పూరు చరిత్రలో మరియొక ఘట్టము ఈ సందర్భమున చెప్పదగినది. మహారాజా ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ను ఆదివాసులు దేవతా సమానునిగా చూచెడివారు. 1961లో కేంద్ర ప్రభుత్వము ఆయన రాజగుర్తింపును తొలగించి తమ్మునికి ఇచ్చెను. ప్రజలు ఆ మార్పును మనసార అంగీకరింపలేదు. 1966 మార్చి 25న ఈ ఊరి రాజభవనములోనే పోలీసు కాల్పులలో ఆయనయు, ఆయనతోపాటు పలువురు ఆదివాసులును మరణించిరి. ఆయన చావలేదను మాట అడవిలో నిలిచిపోయినది. 1970 దశకారంభమున బాబా బిహారీదాస్ అనునాయన వచ్చి, నేనే ప్రవీరుడనని ప్రకటించి, మద్యమాంసములు మానుడని బోధించుచు కంఠీ మాలలు పంచిపెట్టగా, లెక్కకు మించిన జనము నమ్మి ఆయన వెంట నడిచిరి. దుఃఖములో నున్నవారికి వారు వినగోరు మాట చెప్పువాడు దొరికినచో నమ్మకము ఎంత త్వరగా పుట్టునో దీనివలన తెలియుచున్నది. కాని ఆ బాబాకు ఒక్కటే శరీరము. ఒక దినమున ఒక్క ఊరిలోనే కనబడగలడు. సంశయించినవాడు పోయి కన్నులార చూడవచ్చును. 2018లో గతించిన కరుణానిధిగారి రూపమును, కంఠమును కృత్రిమ మేధచే కల్పించి 2024 జనవరిలో తమిళనాట ఒక సభలో మాట్లాడించిరి. అది కల్పనయని సభవారెరుగుదురు గనుక అందు మోసము లేదు. కాని అట్టి రూపము ఒకే గడియలో వేయి ఊళ్లలో, వేయి మాటలు మాట్లాడగలదు.

ఇంతవరకు చెప్పినదంతయు మాటకు పూచీ ఎవరను విషయము. ఇక లెక్క సంగతికి వత్తము. మర వ్రాత తెచ్చిన అసలు చిక్కు ఇందులోనే యున్నదని నా అభిప్రాయము. అబద్ధము చెప్పుటకు యంత్రము అక్కరలేదు, మనుష్యుడు చాలును. పది లక్షలమంది ఒక్క మాట అనుచున్నారని నమ్మించుటకే యంత్రము కావలెను.

ప్రభుత్వోద్యోగులమైన మనకు అర్జీల కట్టలతో పరిచయము చాల కలదు. ఒకే నమూనాలో, ఒకే వాక్యములతో, పేర్లు మాత్రము మార్చి వచ్చిన అర్జీలను అనుభవమున్న గుమాస్తా ఒక్క చూపుతో పసిగట్టి ఒక కట్టగా కట్టును. 2015లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్టు సమానత్వముపై అభిప్రాయములు కోరినప్పుడు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చినవి. అందు పెక్కు ముందుగా తయారు చేసిపెట్టిన నమూనాపై వచ్చినవే. ఆ తరువాత ఫేస్‌బుక్ సంస్థ తన ఫ్రీ బేసిక్స్ పథకమునకు మద్దతుగా మరియొక నమూనా ఉత్తరమును తన ఖాతాదారులచే పంపించినది. మేమడిగిన ప్రశ్నలకు ఇందులో సమాధానము లేదని ట్రాయ్ స్పష్టము చేసెను. 2016 ఫిబ్రవరి 8న అట్టి వివక్ష ధరలను నిషేధించెను. నమూనా ఉత్తరమునకు గల సుగుణము ఇదియే, అది నమూనాయని కనబడును. పంపినవాడును నిజమైన మనిషియే, కనీసము మీటను తానే నొక్కినాడు.

అమెరికాలో ఇంతకంటె వింత జరిగినది. అదే ఇంటర్నెట్టు సమానత్వముపై 2017లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనుకు సుమారు 2 కోట్ల 20 లక్షల అభిప్రాయములు చేరినవి. న్యూయార్కు అటార్నీ జనరల్ విచారణ జరిపించి 2021లో నివేదిక ప్రకటించిరి. ఇంచుమించు 1 కోటి 80 లక్షలు బూటకములు! అందు 85 లక్షలు ఇంటర్నెట్టు కంపెనీల సొమ్ముతో, పరుల పేర్లను వారికి తెలియకుండ వాడి పంపినవి. ఇవి ఒక పక్షమువారివి. ఎదుటి పక్షమున 77 లక్షలు పందొమ్మిదేండ్ల విద్యార్థి యొక్కడు యంత్రసాయమున పంపినవి. రెండు పక్షములును ఈ పాపము చేసినవని దీనివలన తెలియుచున్నది. ఇదంతయు నేటి మర వ్రాతకు పూర్వము. 2019లో హార్వర్డు విద్యార్థి యొకడు, ఐడహో రాష్ట్రపు వైద్యసహాయ పథకముపై ప్రభుత్వము కోరిన అభిప్రాయములలోనికి, అప్పటి కృత్రిమ మేధచే వ్రాయించిన 1,001 అభిప్రాయములను పరీక్షార్థము పంపెను. వచ్చిన మొత్తములో సగమునకు పైగా అవియే యైనవి. ఏ రెండును ఒక్క తీరున లేవు. మనుష్యులకు చూపగా ఏది యంత్రమో పోల్చలేకపోయిరి. తరువాత అతడే అధికారులకు చెప్పి వానిని ఉపసంహరించుకొనెను. ఆ మర నేటి మరల ముందు ఓనమాలు దిద్దు పిల్లవాని వంటిది. మన అనుభవమున్న గుమాస్తా ఇక దేనిని కట్టగా కట్టును?

మరియొక విధమైన ప్రభావమును చెప్పవలెను. ఇది మోసము కాదు గనుక మరింత సూక్ష్మమైనది. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1,506 మందిచే సోషల్ మీడియా సంఘమునకు మంచిదా, చెడ్డదా అను విషయముపై చిన్న వ్యాసము వ్రాయించిరి. కొందరికి సాయముగా వాక్యములు అందించు మరను ఇచ్చిరి. ఆ మర రహస్యముగా ఒకవైపు మొగ్గునట్లు అమర్చబడినది. మర ఎటు మొగ్గినదో వ్యాసములును అటు మొగ్గినవి. అంతేకాదు, తరువాత వారి స్వంత అభిప్రాయము అడిగినప్పుడు అదియును అటే జరిగినది. మరకు మొగ్గు కలదని చాలమంది గుర్తింపనే లేదు. 2023లో ఈ పరిశోధన ప్రకటింపబడినది. రాయసగానిచే ఉత్తరము వ్రాయించుకొను ఆచారము మన తాతలకాలమున నుండెడిది. రాయసగాడు రెండు మాటలు తనవి చేర్చినను, వ్రాయించుకొన్నవాడు ఇంటికి పోయి, ఆ మాటలు నావి కావని గొణుగుకొనెడివాడు. ఇక్కడ ఆ గొణుగుడు కూడ లేదు.

న్యాయముగా రెండవవైపును చెప్పవలెను. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, కుట్ర కథలను నమ్మిన సుమారు 2,190 మంది అమెరికన్లు ఇట్టి యంత్రముతో సంభాషింపగా, వారి నమ్మకము సగటున ఇరువది శాతము తగ్గి, రెండు నెలల తరువాత కూడ అట్లే నిలిచినది. ఓపికతో, సాక్ష్యములతో, విసుగు లేక సమాధానము చెప్పుటయే అందు రహస్యము. 2024 మే నెలలో ఓపెన్ ఏఐ సంస్థ తన యంత్రములను దొంగ ప్రచారమునకు వాడిన ఐదు ముఠాలను ఆపితిమని ప్రకటించినది. అందొకటి ఇజ్రాయేలులోని వాణిజ్య సంస్థది. అది మన లోక్‌సభ ఎన్నికలపై, అధికార పక్షమును నిందించుచు ప్రతిపక్షమును మెచ్చుచు, వ్యాఖ్యలు పుట్టింపనారంభించగా 24 గంటలలోపున ఆపితిమని ఆ సంస్థయే చెప్పుకొన్నది. ఆ వ్రాతలకు చెప్పుకోదగిన పాఠకులు దొరకలేదనియు తెలిపెను. కాబట్టి యంత్రము వ్రాసినంతనే దేశము తలక్రిందులగునని గుండెలు బాదుకొనుట తగదు. 2025 జనవరిలో మన ఎన్నికల సంఘము, కృత్రిమ మేధచే తయారైన ప్రచారముపై ఆ సంగతి వ్రాయవలెనని పార్టీలకు సూచించెను. కరపత్రముపై అచ్చువేసినవాని పేరు వంటిదే ఇదియును. అయితే ముద్రాలయమునకు తలుపు తట్టదగిన ఇల్లు కలదు. దూరదేశమున కూర్చుండి మీట నొక్కువానికి అది లేదు.

ఇక మన బస్తరుకు మరల వత్తము. ఇక్కడి స్థితి పెద్ద భాషల స్థితి వంటిది కాదు. 2011 జనాభా లెక్కలలో గోండీ తమ మాతృభాషయని చెప్పినవారు సుమారు 29 లక్షల 84 వేలమంది. ఇందరి భాషలో అచ్చైనది బహు కొద్ది, ఇంటర్నెట్టుకు ఎక్కినది మరియు కొద్ది. హల్బీ, ధుర్వా, దోర్లీ భాషల మాట చెప్పనే అక్కరలేదు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారముల శాఖ ఆదివాణి యను అనువాద యంత్రమును సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలలో ప్రయోగాత్మకముగా విడుదల చేసినది. ఆస్పత్రిలో రోగి మాట వైద్యునికి తెలియుటకును, ప్రభుత్వ పథకము ఊరికి తెలియుటకును ఇది ఉపకరింపగలదు. మన శాఖలవారే ఇట్టిది చేయుట సంతోషదాయకము. కాని ఒక సంగతి ఆలోచింపుడు. తెలుగులో మర ఒక లక్ష పుటలు వ్రాసినను నన్నయనాటినుండి మనుష్యులు వ్రాసిన రాశి ముందు అది కొద్దియే. గోండీలో అట్టి రాశి లేదు. ఒక చిన్న ముఠా ఒక్క నెలలో, గోండులు వ్రాసినట్లే, గోండులు ఇంతవరకు వ్రాసినదానికన్న ఎక్కువ వ్రాయించి పెట్టగలదు. గని విషయములోనో, అడవి విషయములోనో ఆదివాసులు ఏమనుచున్నారని రాయపూరులోనో ఢిల్లీలోనో ఒక అధికారి ఇంటర్నెట్టులో వెదకినచో, అతనికి ముందుగా దొరకు మాట ఎవరిదై యుండును?

దీనికి కొంత విరుగుడు ఈ రాష్ట్రములోనే పుట్టినది. భూమకాల్ జరిగిన సరిగా నూరేండ్లకు, 2010లో, శుభ్రాంశు చౌధురి యను పాత్రికేయుడు సీజీనెట్ స్వర యను ఏర్పాటు చేసెను. చదువు అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు. మామూలు ఫోనునుండి ఒక నంబరునకు పిలిచి, తన భాషలో తన ఊరి కష్టమును చెప్పవచ్చును. విచారించి సరిచూచిన పిమ్మటనే దానిని అందరును వినుటకు ఉంచెడివారు. ఉపాధి కూలి రాలేదనియో, చేతిపంపు చెడిపోయినదనియో, గురువు బడికి రాలేదనియో వచ్చెడి కబురులే ఎక్కువ. చెప్పువాడు తన పేరు, ఊరు, జిల్లా చెప్పి, బాధ్యతగల అధికారి ఫోను నంబరు కూడ చెప్పెడివాడు, వినువారు ఆ అధికారిని అడుగవలెనని. అక్షరము లేని మామిడి కొమ్మకు ఇది తోబుట్టువే అని నాకు తోచును. అయితే కంఠమును కూడ కల్పించు మరలు వచ్చిన ఈ దినములలో సరిచూచువాని పని ఇంకను పెరిగినది. అది జీతము లేక జరుగు పని కాదు.

చివరగా మురియా దర్బారు ముచ్చట. డెబ్బది యైదు దినములు జరుగు మన ఊరి దసరాను చూడని తెలుగు కుటుంబము ఇక్కడ నుండదు. రథమును చూచి ఇంటికి వచ్చువారే ఎక్కువ, దర్బారు వరకు నిలుచువారు తక్కువ. దాని పుట్టుక 1876లో. దివాను గోపీనాథ్ కపర్దార్ ఆగడములకు ఓర్వలేక మురియాలు, రాజు భైరమదేవుడు వేల్సు యువరాజును దర్శింప బయలుదేరగా, మమ్ములను ఆ దివాను చేతికి విడిచిపోవలదని దారికి అడ్డుపడిరి. తరువాత వేలకొలది జనము వచ్చి జగదల్‌పూరు రాజభవనమును చుట్టుముట్టి కూర్చుండిరి. ప్రాణహిత ఒడ్డున, తెలుగు మాట్లాడు సిరోంచలో డిప్యూటీ కమిషనరుగా నుండిన మెక్‌జార్జి వచ్చి, మార్చి 8న జనమును కూడబెట్టి వారి మొర వినెను. దివాను పదవి పోయినది. ఆ వినికిడియే తరువాత దసరాలో అంగమై, రాజుల కాలము పోయిన తరువాత కూడ నిలిచి, నేడు మంత్రులు, కలెక్టరు కూర్చుండి వినుచున్నారు. పరగణాల మాంఝీలు, చాల్కీలు తలపాగాలతో వచ్చి రోడ్డు లేదనియు, పట్టా రాలేదనియు చెప్పుకొందురు. కొన్ని మొరలు మరుసటి యేడును అవియే వినబడును. ఏ మాంఝీ ఏ పరగణావాడో ఆ సభలో ఎల్లరకును తెలియును.